చికెన్ మానేస్తే దురద తగ్గుతుందా?

పెంపుడు జంతువుల శీర్షిక: పాఠకుల ప్రశ్నలకు నెల్లూరు పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది కావలి. మా ఇంట్లో ఇంతకు ముందు ఎప్పుడూ కుక్కను పెంచలేదు. మా తమ్ముడు ఉద్యోగం మీద విదేశం వెళ్తూ తన లాబ్రడార్‌ను మాకు అప్పగించాడు. పేరు రాజా. ఏడాదిన్నర వయసు, 28 కిలోల బరువు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది. వచ్చినప్పటి నుంచీ ముందు కాళ్ల పాదాలు నాకుతూనే ఉంటాడు. చెవులు విదిలిస్తాడు, చెవిలోంచి పులిసిన వాసన వస్తోంది. ఇంజెక్షన్ వేయిస్తే కొన్నాళ్లు బాగుంటాడు, మళ్లీ మొదలు. ‘చికెన్ పడటం లేదు, ల్యాంబ్ అండ్ రైస్ ఫుడ్ పెట్టండి’ అని షాపులో చెప్తే అదీ కొన్నాం. తేడా లేదు. మా అత్తగారేమో ‘పెరుగన్నం పెట్టండి, వేడి తగ్గితే అదే పోతుంది’ అంటారు. చికెన్ పూర్తిగా మానేయాలా? ఎలర్జీకి రక్తపరీక్ష చేయించాలా? రాత్రిళ్లు వాడు గోక్కునే చప్పుడుకు మాకు నిద్ర లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, రాత్రి పూట కూడా గోక్కుంటున్నాడంటే అది అలవాటు కాదు, నిజమైన దురదే. ఆ బాధ తగ్గించే దారి ఉంది. కాకపోతే అందులో మొదటి అడుగు చికెన్ మానేయడం కాదు.

కుక్క గోక్కుంటే చాలామంది ముందు తిండిని అనుమానిస్తారు. నేను ముందు పురుగుల్ని వెతుకుతాను. మన కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక పిడుదుల బెడద ఇంకా పెరుగుతుంది. ఈ రోజే రాజాను వెలుతురులో పడుకోబెట్టి కాలి వేళ్ల సందులు, చెవి లోపలి మడతలు, మెడ పట్టీ కింద, తోక కింద వేలితో తడిమి చూడండి. పిడుదు ఒక్కటి దొరికినా వదలొద్దు. అది దురదతో పోదు, ఎర్లికియా, బెబీసియా లాంటి జ్వరాలు కూడా తెస్తుంది. చిగుళ్లు పాలిపోవడం, తిండి మానేయడం, ముక్కులోంచి రక్తం రావడం కనిపిస్తే ఈ తిండి సంగతులన్నీ పక్కన పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఇక ఫ్లీస్ అనే గెంతే నల్ల పురుగులు. వీటికి రెక్కలుండవు. ఇవి కంటికి సులభంగా దొరకవు. నడుము చివర, తోక మొదట్లో సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి నలుసుల్ని తడి దూది మీద వేయండి. ఆ నలుసుల చుట్టూ దూది ఎర్రగా, గోధుమరంగుగా మారితే అది పురుగులు తాగి విసర్జించిన రక్తం. ఈ పురుగుల ఎలర్జీ ఉన్న కుక్కకు కొన్ని కాట్లు పడ్డా చాలు, రోజుల తరబడి దురద ఉంటుంది. కాబట్టి పురుగులు కనపడలేదని మందు మానొద్దు. తిండి పరీక్ష మొదలుపెట్టే ముందు నుంచే పిడుదులకూ ఫ్లీస్‌కూ నెలనెలా మందు వాడుతూ ఉండాలి.

రెండోది, ఆ చెవి. పులిసిన వాసన వస్తోందంటే లోపల ఈస్ట్ గానీ బ్యాక్టీరియా గానీ పెరిగి ఉంటుంది. దూది పుల్లతో చెవిలోని జిగురు తీసి, గాజు పలక మీద రుద్ది మైక్రోస్కోపు కింద చూస్తే ఏది పెరిగిందో తెలుస్తుంది. ఈ పరీక్ష చిన్నది, తొందరగా అయిపోతుంది. చేయమని మీరే అడగండి. పాదాల వేళ్ల మధ్య కూడా ఇలాగే చూడాలి. నాకి నాకి అక్కడ వెంట్రుకలు తుప్పు రంగుకు మారి ఉంటే, లోపల చర్మం ఎర్రగా ఉంటే, ఇన్ఫెక్షన్ ఉన్నట్టే అనుకోవచ్చు. ఆ ఇన్ఫెక్షనే దురద పెడుతుంది. దాన్ని తగ్గించకుండా తిండి మారిస్తే, తిండి సరిపడినా దురద పోదు. అప్పుడు మీరు ‘ఇదీ పని చేయలేదు’ అనుకుని వదిలేస్తారు. ల్యాంబ్ అండ్ రైస్ విషయంలో మీకు జరిగింది ఇదే కావచ్చు.

ఆ సంచి విషయంలో ఇంకో అనుమానం కూడా ఉంది. దాన్ని తిప్పి, వెనక సన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల పట్టీ చదవండి. ముందు వైపు పెద్దగా ల్యాంబ్ అని ఉన్నా, లోపల చికెన్ మీల్, కోడి కొవ్వు, పౌల్ట్రీ బై ప్రొడక్ట్స్, గోధుమ కలిసిన రకాలు చాలా ఉన్నాయి. అలాంటిదైతే మీరు కోడిని మానేయలేదు, దాని పక్కన గొర్రెను చేర్చారంతే.

ఇంజెక్షన్ గురించి. కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలవుతోందంటే అది స్టెరాయిడ్ అయ్యే అవకాశం ఎక్కువ. దురద మరీ భరించలేనప్పుడు అది మంచి మందే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ అది దురదను ఆపుతుంది, కారణాన్ని చెప్పదు. పదే పదే వేయిస్తే నీళ్లు విపరీతంగా తాగడం, మాటిమాటికీ మూత్రం, ఆకలి పెరగడం, ఒళ్లు రావడం మొదలవుతాయి. వేసిన మందు పేరు, తేదీ రాయించుకోండి. దాని ప్రభావం ఉన్నన్ని రోజులూ తిండి వల్ల తగ్గిందో మందు వల్ల తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

రక్తపరీక్ష వద్దమ్మా. తిండి ఎలర్జీని పట్టుకోవడంలో రక్తం, లాలాజలం, వెంట్రుకల పరీక్షలు నమ్మదగినవి కావు. ఏ దురదా లేని కుక్కలకూ అందులో పాజిటివ్ వస్తుంది. ఆ డబ్బు చెవి వైద్యానికి వాడండి. తిండి ఎలర్జీని తేల్చే పద్ధతి ఒక్కటే: కుక్క ఇంతవరకూ తినని మాంసకృత్తులు మాత్రమే పెట్టి, 8 వారాల పాటు ఇంకేదీ నోట్లోకి పోకుండా చూడటం. నిజంగా తిండి ఎలర్జీ ఉన్న కుక్కల్లో 90 శాతం పైగా ఈ 8 వారాల్లో బాగుపడతాయి. రెండు వారాలు చూసి మానేస్తే ఏమీ తేలదు.

‘ఇంతవరకూ తినని’ అన్న మాట దగ్గరే మీ ఇంటి పరిస్థితి కొంచెం కష్టం. రాజా మీ దగ్గర పుట్టి పెరగలేదు. అందుకే ఈ రోజే మీ తమ్ముడికి ఫోన్ చేయండి. ఏ కంపెనీ ఫుడ్ పెట్టాడు, గుడ్లు పెట్టాడా, బయటి నుంచి తెచ్చిన బిర్యానీ ముక్కలు వేశాడా, చేపలు తిన్నాడా, ఏ బిస్కెట్లు, నమలడానికి ఏ ఎముకలు కొన్నాడు, అన్నీ అడిగి రాసుకోండి. మొహమాటపడొద్దని చెప్పండి, తప్పులు వెతకడానికి అడగటం లేదు. కుక్కకు ఎలర్జీ కొత్త తిండి మీదే రానక్కర్లేదు. ఏళ్ల తరబడి హాయిగా తిన్నదే ఒకనాటికి పడకుండా పోవచ్చు. అందుకే పాత పట్టీ కావాలి. కుక్కల్లో ఎక్కువగా ఎలర్జీ తెచ్చేవి గొడ్డు మాంసం, పాలు, చికెన్, గోధుమ. వీటిలో చివరి మూడూ మన ఇళ్లలో రోజూ కుక్క నోట్లో పడేవే. పొద్దున టీతో పాటు వేసే బిస్కెట్‌లో గోధుమా ఉంది, చాలావాటిలో పాల పొడీ ఉంది.

రాజా చేప అసలు తినలేదని తేలితే మనకు అదృష్టమే. ఏదో ఒక చేపను ఎంచుకుని చివరిదాకా అదే పెట్టండి, రోజుకో రకం వద్దు. కొరమీనుకు ముళ్లు తక్కువ కనుక పని సులువు, ధర మాత్రం ఎక్కువ. ఉప్పు, పసుపు, కారం ఏదీ లేకుండా ఉడికించి, ముళ్లు పూర్తిగా ఏరేయాలి. వాడి బరువుకు రోజుకు దాదాపు అరకిలో చేప (ముళ్లు తీశాక, పచ్చిగా తూచినప్పుడు), అరకిలో వండిన అన్నం, రెండు పెద్ద చెంచాల నూనెతో మొదలుపెట్టి రెండు పూటలుగా పెట్టండి. ఒకేసారి మార్చొద్దు, వారం రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచండి. 8 వారాలు పాతది పూర్తిగా మానేసిన రోజు నుంచి లెక్క. వారానికోసారి బరువు చూడండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకుని కనపడకూడదు. దాన్ని బట్టి తిండి కొంచెం పెంచండి లేదా తగ్గించండి. అన్నం కూడా తిన్నదే కదా అని సందేహం వస్తుంది. బియ్యం మీద ఎలర్జీ అరుదు. ఆ సందేహం కూడా వద్దనుకుంటే అన్నం బదులు ఉడికించిన గెనుసుగడ్డ పెట్టండి.

ఇది ఎదిగిన కుక్కకు 8 వారాల పరీక్ష కోసం చెప్పిన తిండి. ఏడాది పొడవునా పెట్టడానికి సరిపోదు. ఇందులో కాల్షియం, కొన్ని విటమిన్లు తక్కువ. ఎదిగే పిల్లలకు ఇది అసలు పెట్టొద్దు. చేప కూడా తినేసి ఉంటే, మాంసకృత్తుల్ని ఎలర్జీ గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా చేసిన హైడ్రోలైజ్డ్ ఫుడ్ డాక్టర్ చీటీ మీద దొరుకుతుంది. ఖర్చు ఎక్కువే. 8 వారాలకు ఎంతవుతుందో ముందే లెక్క వేసుకుని మొదలుపెట్టండి, మధ్యలో ఆగిపోతే పెట్టిన డబ్బూ వృథా.

అసలు కష్టం వంటలో లేదమ్మా, ఇంట్లో మనుషుల్లో ఉంది. నా దగ్గరకు వచ్చే ఇళ్లలో ఈ పరీక్ష ఎక్కువగా చెడిపోయేది ప్రేమ వల్లే. తాత ఎవరూ చూడకుండా ఒక బిస్కెట్ వేస్తాడు. పిల్లలు అన్నం తింటూ కింద పోస్తారు. పనిమనిషి తోమడానికి పెట్టిన గిన్నెలు కుక్క నాకేస్తుంది. పక్కింటివాళ్లు గోడ మీద నుంచి చపాతీ ముక్క విసురుతారు. గుడి నుంచి తెచ్చిన ప్రసాదం ‘కొంచెమే కదా’ అని నోట్లో పెడతారు. ఆ కొంచెమే చాలు, దురద తిరగబెట్టడానికి. వంటింటి తలుపు మీద కాగితం అంటించి, రాజా ఏం తినొచ్చో అందరికీ తెలిసేలా రాయండి. ముద్దు చేయాలనిపించిన వాళ్ల చేతికి అదే ఉడికించిన చేప ముక్కలు ఇవ్వండి. మందుల్నీ చూసుకోవాలి. పిడుదులకు, నులిపురుగులకు ఇచ్చే నమిలే మాత్రల్లో మాంసం రుచి కలుపుతారు. ఈ 8 వారాలూ రుచి లేని మాత్ర గానీ మెడ మీద పోసే మందు గానీ ఇమ్మని డాక్టర్‌ను అడగండి.

మీ అత్తగారిని ఈ పనిలోకి తీసుకోండి, పక్కన పెట్టకండి. ఆవిడ పెరుగన్నం విషమేమీ కాదు, మన ఊళ్లలో ఎన్నో కుక్కలు దాని మీదే బతికాయి. కానీ పెరుగు కూడా పాలే కాబట్టి ఇప్పుడు వద్దు. పైగా ఎదిగిన కుక్క తిండిలో తేమ తీసేశాక కనీసం 18 శాతం మాంసకృత్తులు ఉండాలి, పిల్లలకు 22.5 శాతం. పెరుగన్నంలో అంత ఉండదు. చర్మం, బొచ్చు తయారయ్యేదే వాటితో. ఇది ఆవిడకు అర్థమయ్యేలా చెప్పి, రోజూ రాజా దురద రాసే పని ఆవిడకే అప్పగించండి. పొద్దున ఎంత, రాత్రి ఎంత, సున్నా నుంచి పదిలో ఒక అంకె. విరేచనం ఎన్నిసార్లు అయిందో కూడా రాయాలి. రోజుకు మూడు సార్లకు మించి వెళ్తుంటే అది కూడా తిండి పడకపోవడానికి ఒక గుర్తు.

8 వారాలకు దురద బాగా తగ్గిందనుకోండి, సంతోషంతో అక్కడే ఆగిపోవద్దు. పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. ఈ మాట చెప్తే ఎవరికీ మనసొప్పదు, నాకూ తెలుసు. కానీ తగ్గింది తిండి వల్లనా, చెవి మందు వల్లనా, వాతావరణం మారినందుకా అన్నది అప్పుడే తేలుతుంది. పాత తిండితో రెండు వారాల్లోపు దురద తిరిగి వస్తే తిండి ఎలర్జీ ఖాయం. వెంటనే మళ్లీ చేపకు మారి, నెమ్మదించాక చికెన్ ఒక్కటి, ఆ తర్వాత పాలు, ఆ తర్వాత గోధుమ, ఒక్కొక్కటి రెండేసి వారాలు పెట్టి చూడండి. అప్పుడు దేన్ని మానాలో తెలుస్తుంది, మిగతావి నిర్భయంగా పెట్టుకోవచ్చు. చికెన్ పడితే జీవితాంతం దాన్ని మాన్పించడం దేనికి?

8 వారాలైనా తగ్గకపోతే ఇంటి దుమ్ములోని కంటికి కనపడని సన్న పురుగులు, పుప్పొడి మీద వచ్చే ఎలర్జీని అనుమానించాలి. లాబ్రడార్లలో అది ఎక్కువ, సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు బయటపడుతుంది. రాజా వయసు సరిగ్గా అందులోనే ఉంది. అది పూర్తిగా పోయేది కాదు, కానీ మందులతో, క్రమం తప్పని స్నానాలతో హాయిగా బతికేలా చూడవచ్చు. చర్మం కేసు మొండిగా ఉంటే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ కళాశాల 1955 నుంచి ఉంది, నేను చదివింది అక్కడే.

ప్రశ్న: మేడమ్, మాది ఒంగోలు. మూడు నెలల కుక్కపిల్లను తెచ్చాం. పాలు పోస్తే విరేచనాలు అవుతున్నాయి. ఇది పాల ఎలర్జీయేనా? ఎముకలు గట్టిపడటానికి కాల్షియం సీసా వాడమన్నారు. మా ఇంట్లో మాంసం వండరు, గుడ్డు వరకు పర్వాలేదు. శాకాహారంతో పెంచొచ్చా?
– ఒక విద్యార్థి, ఒంగోలు

జవాబు: బాబూ, పాలతో విరేచనమైతే చాలాసార్లు అది ఎలర్జీ కాదు. తల్లిపాలు మానాక కుక్కపిల్లల్లో పాలలోని లాక్టోజ్ చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. పాలు మానేసి చూడు, తగ్గిపోతే అదే కారణం. అయితే విరేచనంలో రక్తం, భరించలేని వాసన, దానితో వాంతులు, నీరసం ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు. అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. టీకాలు పూర్తి కాని పిల్లల్ని అది రోజుల్లో చంపేస్తుంది. నులిపురుగుల మందు ఎప్పుడు వేశారో, ఏ టీకాలు పడ్డాయో పిల్లను ఇచ్చినవాళ్లను అడిగి తెలుసుకో. రేబిస్ టీకాకు ఇప్పుడే సమయం.

పిల్లల కోసం చేసిన సమతుల ఆహారం పెడుతుంటే కాల్షియం సీసా వద్దు. అందులో సరిపడా ఉంటుంది. పెద్ద జాతి పిల్లలకు పైనుంచి పోసిన కాల్షియం ఎముకల్ని బాగుచేయదు, పెరుగుదలనే చెడగొడుతుంది.

శాకాహారంతో కుక్క బతకగలదు, పిల్లి బతకలేదు. కానీ పప్పన్నం, పెరుగన్నం కలిపి పెట్టడం సమతుల ఆహారం కాదు. ఎదుగుదల వయసుకు సరిపోతుందని రాసి ఉన్న శాకాహార ప్యాకెట్ తిండిని ప్రధానంగా పెట్టి, పైన ఉడికించిన గుడ్డు ఇవ్వు. పచ్చి గుడ్డు వద్దు, పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను ఒంటికి అందనివ్వదు. ఇప్పుడు రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా, ఆరు నెలలు దాటాక రెండు సార్లు.

ప్రశ్న: అమ్మా, మాది సింగరాయకొండ దగ్గర ఒక పల్లె. మా కుక్కకు మిగిలిన చేపల పులుసు అన్నంలో కలిపి పెడతాం. ఇష్టంగా తింటుంది. ఈ మధ్య ఒళ్లంతా దురద. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాస్తున్నాం. మంచిదేనా?
– ఒక రైతు

జవాబు: అన్నా, కర్పూరం నూనె ఈ రోజే ఆపెయ్యండి. కుక్క ఒంటి మీద రాసింది నాక్కుంటుంది. కర్పూరం చర్మం గుండా కూడా లోపలికి పోతుంది, వాంతులూ ఫిట్సూ తెస్తుంది. రాసిన నూనెను కుక్కల షాంపూతో కడిగేయండి. మెడికల్ షాపులో మనుషుల మాత్రలు తెచ్చి వేయడం కూడా వద్దు. పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ కుక్కలకు ప్రమాదం. దురద మాత్రల్లో కూడా జలుబు మందు కలిసిన రకాలు ఉంటాయి, అవి మరీ ప్రమాదం.

పులుసులో చేప మంచిదే, పులుసే మంచిది కాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. ఉడికించినా ఆ గుణం పోదు. ఉల్లిపాయ ఒకేసారి కుక్క బరువులో అర శాతం దాటితే, అంటే పది కిలోల కుక్క 50 గ్రాములు తింటే ప్రమాదమే. రోజూ కొంచెం కొంచెంగా తిన్నా పేరుకుపోయి దెబ్బ తీస్తుంది. తిన్న వెంటనే ఏమీ కనపడదు. కొన్ని రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు ఎరుపు, గోధుమరంగులో వస్తుంది. చింతపండు కూడా వద్దు. ద్రాక్షపండ్లు కుక్క కిడ్నీలను దెబ్బతీయడానికి వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని డాక్టర్లు అనుమానిస్తున్నారు, అదే ఆమ్లం చింతపండులో దండిగా ఉంటుంది.

ఇంట్లో ఆడవాళ్లతో ఒక మాట చెప్పండి. చేప ముక్కలు పులుసులో వేయకముందే కుక్క వంతు పక్కకు తీసి, విడిగా ఉత్త నీళ్లలో ఉడికించి, ముళ్లు తీసి అన్నంలో కలపాలి. ఉడికిన కోడి ఎముకలు కూడా వేయొద్దు, అవి చీలికలై గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

దురద సంగతికొస్తే, చెవి అంచులు, మోచేతుల దగ్గర బొచ్చు ఊడి పొక్కు కడుతోందేమో చూడండి. ఇంట్లో పిల్లలకు కూడా చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు వస్తున్నాయా? అలాగైతే అది గజ్జి కావచ్చు, మనుషులకూ అంటుకుంటుంది. తిండి మారిస్తే పోయేది కాదు. మీ మండలంలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి, చర్మం గీకి పరీక్ష చేయమని అడగండి. పిల్లల్ని కూడా డాక్టర్‌కు చూపించండి. అప్పటిదాకా కుక్కను వాళ్ల పక్క మీదికి రానివ్వొద్దు.